రెక్కలకు కట్టిన దారం

లారీలో నా మిత్రుడు, వాళ్ళమ్మ, డ్రైవరు, నేను ఉన్నాం. వెనక రెండు మంచాలు, బీరువా, కుట్టుమిషను, గంపలో పన్నెండు పావురాలు. దేవరకొండ నుంచి రాయచూరుకు ఇల్లు మారుతున్నారు. పావురాలు చనిపోయిన వాళ్ళ నాన్న పెంచినవి. ఆయన గుర్తుగా వాళ్ళమ్మకు మిగిలినవి అవే.

కల్వకుర్తిలో లారీ ఆగినప్పుడు, నీళ్ళు పట్టడానికి ఒక్కో పావురాన్నీ బయటికి తీశాను. రెక్కల ఈకలు దారంతో బిగించి ఉన్నాయి. పాలిటెక్నిక్ చదివిన నాకు అది రక్తప్రసరణకు అడ్డమనిపించింది. ఎవరినీ అడగకుండా అన్నింటి దారాలూ బ్లేడుతో కోసేశాను.

రాయచూరులో మిద్దె మీద వాళ్ళమ్మ గంప తెరిచింది. పావురాలన్నీ లేచి తూర్పుకు వెళ్ళిపోయాయి.

"దారం ఎవరు కోసిండ్రు బేటా? కొత్త జాగా అలవాటయ్యేదాంక కట్టే ఉంచాలె. ఇగ పాత ఇంటికే పోతయ్."

"నేనే అమ్మీ. రక్తం ఆడదేమోనని."

"ఈకలల్ల రక్తం ఉంటదా, ఇంజనీరు సాబ్?" అన్నాడు మిత్రుడు.

వాటిని పట్టి తెస్తానని మూడో రోజు దేవరకొండ వెళ్ళాను.

"మా మిద్దె మీద వాలినయ్, కూరొండుకున్నం. జర ముందు రాకపోతివి," అన్నాడు వాళ్ళ పాత ఇంటి యజమాని.

పెరట్లో కోసి పడేసిన రెక్కలు లెక్కపెట్టాను. పద్దెనిమిది ఉన్నాయి. ఇంకా మూడు జతలు లేవు.