పక్క వెలుతురు

మొన్న ఆదివారం పొద్దున సత్సంగం హాలులో కళ్లు మూసుకుని కూర్చున్నాను. హార్మోనియం ఆగి, అందరూ లోలోపల నామం జపించుకుంటున్న వేళ, పాత ట్యూబులైటు చోకు చేసే జుయ్‌మనే మోత ఒక్కటే వినిపించింది. బయట ఎండ దంచుతోంది. లోపల ఆ లైటు ఎవరి కోసం వెలుగుతోందో తెలియదు. జపం మధ్యలో లేవడం మర్యాద కాదని తెలిసీ లేచి వెళ్లి ఆపి వచ్చాను. ఆ మోత వింటే చాలు, అనసూయ మేడమ్ వెనక నిలబడి చూస్తున్నట్టే ఉంటుంది నాకు.

ఖిలా వరంగల్ దారిలో నేను చదువుకున్న సర్కారు ఆడపిల్లల బడికి ఆమె పెద్ద మేడమ్. స్టేషన్ ఘన్‌పూర్ నుంచి రోజూ రైల్లో వచ్చేవారు. మాలాగే నేతవాళ్ల బిడ్డ. వస్తువు పారేయడమంటే ఆమెకు ఒంట్లో నొప్పి పుట్టినట్టుండేది. ఏడాది చివర మా నోటుపుస్తకాల్లో మిగిలిన తెల్ల కాగితాలన్నీ చింపించి, మగ్గాల దగ్గర మిగిలే నూలుతో మాతోనే కుట్టించి, మళ్లీ మాకే లెక్కలు చేసుకోవడానికి ఇచ్చేవారు. మధ్యాహ్నం అన్నం దగ్గర గరిటె పక్కన నిలబడేవారు. "ముందుగాల కొంచెం పెట్టిచ్చుకో. ఆకలుంటె మల్ల రా, ఎవ్వలద్దన్నరు? ప్రసాదం చేతుల పడ్డంక ఒక్క మెతుకు కిందవోనిస్తమా? బడి అన్నం ఏం తక్కువ పుట్టింది?" అనేవారు. నేను భజనల మధ్య పెరిగినదాన్ని. ప్రసాదాన్ని కళ్లకద్దుకోవడం తెలుసు. బడి అన్నాన్నీ అలా చూడాలని చెప్పింది మాత్రం ఆమే.

గదిలో ఫ్యాను ఆపకుండా ఇంటికి బయలుదేరిన పిల్లను గేటు దగ్గర నుంచి వెనక్కి పంపేవారు. "ఎవలకు ఇసురుతాందే ఆ ఫ్యాను, దయ్యాలకా?" అని అడిగితే ఆ పిల్లకంటే ముందు మేమే నవ్వేవాళ్లం.

మా పదో తరగతి గది కథ వేరు. చదువుకునేవాళ్లు తూర్పు ముఖంగా కూర్చోవాలని ఎప్పుడో పెద్దలు పట్టుబట్టి బ్లాక్‌బోర్డును తూర్పు గోడకు పెట్టించారట. బోర్డుకు రెండు పక్కలా పెద్ద కిటికీలు. పొద్దున ఎండ నేరుగా కళ్లలో కొట్టేది, బోర్డు మీద అక్షరం కనిపించేది కాదు. అందుకని కిటికీలు మూసి, నాలుగు ట్యూబులైట్లు వేసుకునేవాళ్లం. ప్రార్థనలో సూర్యుడికి దండం పెట్టి, లోపలికి రాగానే ఆయన ముఖం మీదే తలుపు వేసేవాళ్లమన్నమాట. కరెంటు పోతే పాఠమూ పోయేది. ఆ గదిలోనే మా అక్క చదివి పది తప్పింది. ఆ తరువాత బడి మాని, ఇంట్లో మగ్గానికి నూలు కండెలు చుడుతూ కూర్చుంది.

నేను పదికి వచ్చిన ఏడు మేడమ్ బోర్డును ఉత్తరం గోడకు మార్పించారు. కుడివైపు తూర్పు కిటికీలు, ఎడమవైపు వరండా కిటికీలు బార్లా తెరిపించారు. లైట్లు ఆపేశారు. కబురు వాడంతా పాకింది. ఇప్పుడు పిల్లలు ఉత్తరం చూస్తారు, టీచర్లు దక్షిణం చూస్తూ పాఠం చెబుతారు. దక్షిణమంటే యముడి దిక్కు. మా బాపు మార్కండేయుడి గుడిలో భజన నడిపించే మనిషి, పండుగలకు పురాణం చెప్పేవాడు. మరునాడే నన్ను వెంటబెట్టుకుని బడికి వచ్చాడు.

"మేడమ్, మా పెద్దపిల్ల ఈ బడిలనే తప్పింది. ఇప్పుడు మీరు దక్షిణం మొఖం పెట్టి సదువు చెప్తాంటే నేను చూసుకుంట ఊకుందునా? దీన్ని గూడ తీస్కపోయి కండెల కాడ కూసోవెడ్త."

బాపు అన్నాడంటే చేస్తాడు. మేడమ్ మాత్రం కుర్చీ జరిపి కూర్చోమన్నారు.

"అన్నా, మీ మగ్గానికి వెలుతురు ఎటుకెల్లి వస్తది?"

"పక్కపొంటి వస్తది."

"ఎదురుంగ పెట్టుకోరాదు?"

"ఎదురెండకు కండ్లు చెదురుతయి మేడమ్. పోగు తెగితె ఎట్ల దొరుకుతది?"

"అక్షరం గూడ సన్నగనే ఉంటదన్నా."

బాపు తల అడ్డంగా ఊపాడు. "మగ్గం ముచ్చట వేరు. సదువు దేవునిది."

"మరి మగ్గం ఎవలది?" అని ఆగి, గొంతు తగ్గించి అడిగారు. "నువ్వు పురాణం చెప్పెటోనివి. తెల్వకనే అడుగుతాన. గురువులకే గురువు, ఆ శివుడు చెట్టు కింద కూసోని మునులకు ఉపదేశం చేసేటప్పుడు ఎటు చూస్తడు?"

బాపు ఆ శివుడికి చేతులు జోడించి, "దక్షిణమే," అన్నాడు.

మేడమ్ గెలిచినట్టు నవ్వలేదు. "రా అన్నా, గది చూద్దువు," అంటూ లేచారు. బాపు చెప్పులు గడప బయట విడిచి, గుడిలోకి వెళ్లినట్టు వెళ్లాడు. నా పుస్తకం తీసి, ఒక్కొక్క బెంచీ దగ్గరా కూర్చుని, బట్టలో లోపం వెతికినట్టు పేజీ మీదికి వంగి చూశాడు. ఒక్క లైటూ వెలగడం లేదు. మూలకు వెళ్లి ఆగాడు.

"ఈడ స్తంభం నీడ పడుతాంది. ఈ బెంచి జర ముందటికి గుంజాలె మేడమ్."

"ఆ కొస పట్టు మరి," అన్నారు మేడమ్. ఇద్దరూ కలిసి బెంచీని జరిపారు. బాపు నా వైపు చూసి, "కూసో బిడ్డా," అని వెళ్లిపోయాడు.

అంతమాత్రాన ఆయన నమ్మకం మారిపోలేదు. పరీక్షల దాకా రోజూ తెల్లవారగానే నన్ను ఇంట్లో తూర్పు ముఖంగా కూర్చోబెట్టి కాసేపు చదివించాకే బడికి పంపేవాడు. ఆ సంగతి చెబితే మేడమ్, "మంచిదే, రెండు దిక్కుల సదువయితది," అన్నారు. నేను పది గట్టెక్కాను. ఆ మార్కులు చూసి బాపు అక్కకు కూడా మళ్లీ పరీక్ష ఫీజు కట్టాడు.

మేడమ్ ఇప్పుడు లేరు. నేను మడికొండ దగ్గర ఒక బడిలో తెలుగు చెబుతున్నాను. పొదుపు గురించి ఎన్నో మాటలు విన్నాను, కొన్ని నేనూ చెప్పాను. ఆమె మాత్రం పొదుపు అనే మాట ఎన్నడూ వాడినట్టు గుర్తు లేదు. ఇచ్చినవాడు ఉన్నాడు కాబట్టి పారబోయకూడదు, అంతే. గుడిలో ఎన్ని ప్రవచనాలు విన్నా భక్తి ఇంత తేటగా నాకు అర్థం కాలేదు. కొత్త గదిలో అడుగుపెడితే ముందు వెలుతురు ఎటునుంచి వస్తోందో చూస్తాను, ఆ తరువాతే దేవుడి పటం ఎక్కడుందో వెతికి దండం పెడతాను. ఈ వరుస తప్పని మా సత్సంగంలో పెద్దవాళ్లు ఒకరిద్దరు అన్నారు. కావచ్చు. నాకైతే వెలుతురు వైపు చూసినప్పుడే దండం పెట్టినట్టుంటుంది.