గడ్డిగంపలో ఉర్లగడ్డలు

పలమనేరు వైపు బంగాళాదుంపను ఉర్లగడ్డ అంటారు. వాటిని నిప్పుల గుంతలో కాల్చి పెట్టడంలో తిరుమలయ్యకు పేరుంది. చలికాలంలో బెల్లం పొయ్యిల దగ్గర పనిచేస్తాడు. ఎండాకాలంలో తోటల్లో విందులకు వంట చేస్తాడు. గడ్డల్ని ఒకే సైజులో ఏరుకుంటాడు. పచ్చబారినవీ మొలకలొచ్చినవీ తీసేస్తాడు. మట్టి పోయేదాకా కడిగి, దబ్బనంతో నాలుగు చోట్ల పొడిచి, మామిడి నిప్పుల మీద బూడిద పరిచి పూడుస్తాడు. ఒక వరుస జనం కూర్చున్నాకే ఆ వరుసకు సరిపడా గడ్డలు బయటికి తీస్తాడు. చీల్చి, వెన్న, ఉప్పు, చెనిక్కాయల పొడి వేసి పొగలు పోకముందే విస్తట్లో పెట్టిస్తాడు.

ఒకప్పుడు ఇలా చేసేవాడు కాదు. పొద్దున్నే కాల్చి, ఒక్కో గడ్డకూ సిల్వర్ పేపర్ బిగించి చుట్టి, మామిడికాయలు మాగబెట్టినట్టు వరిగడ్డి పరిచిన గంపల్లో సర్దేవాడు. సాయంత్రానికి కూడా గోరువెచ్చగా ఉండేవి. ఇది అతను సొంతంగా కనిపెట్టిన పద్ధతి. అడిగినవాళ్ళందరికీ నేర్పాడు.

తొంభై ఆరులో ఒక పెళ్ళిలో మిగిలిన గంప ఇంటికి వచ్చింది. రెండు రోజుల తర్వాత అతని చెల్లెలు మునిలక్ష్మి భర్త వెంకటముని ఒక్కడే అందులోవి తిన్నాడు. మిగతావాళ్ళు సంగటి తిన్నారు. మరునాడు వెంకటమునికి ఒకటి రెండుగా కనపడింది. రెప్పలు వాలిపోయాయి. మింగలేకపోయాడు. ఆసుపత్రిలో నాలుగో రోజు ఊపిరి ఆగింది. డాక్టరు తిరుమలయ్యను పక్కకు పిలిచి ఏం తిన్నాడని అడిగి, విన్న తర్వాత కారణం చెప్పాడు. తిరుమలయ్య బయటికి వచ్చి చెల్లెలితో నరాల జబ్బన్నాడు.

ఆ తర్వాత అతను గంప కట్టలేదు. ఎవరైనా అడిగితే, వేడిగా తింటేనే రుచి అనేవాడు. నేర్చుకున్నవాళ్ళ దగ్గరికి వెళ్ళి మానెయ్యమని మాత్రం చెప్పలేదు. చెబితే ఎందుకని అడుగుతారు. మునిలక్ష్మి అతనితోపాటు వంటలకు రాసాగింది. ఎనిమిదేళ్ళు గడిచాయి.

రెండువేల నాలుగు మే నెలలో పూతలపట్టు దగ్గర జయచంద్ర మామిడితోటలో విందు పెట్టుకున్నారు. పాల సొసైటీ సెక్రటరీ గంగాధరం ఉద్యోగం మానుకుంటున్నందుకు అది వీడ్కోలు విందు. శనివారం సాయంత్రం మూడొందల గడ్డలు కాలి సిద్ధమయ్యే వేళకు గాలివాన వచ్చి షామియానా కూలింది. విందు ఆదివారం మధ్యాహ్నానికి మారింది. "ఇవి పారెయ్యండమ్మా, రేపు పచ్చివి తెచ్చి కాలుస్తా" అని జయచంద్ర తల్లి దేవకమ్మకు చెప్పి తిరుమలయ్య వెళ్ళిపోయాడు. ఎందుకో చెప్పలేదు.

ఆదివారం అన్నాచెల్లెళ్ళు కొత్త గడ్డల మూటతో వచ్చేసరికి జనం అప్పటికే తోటకు చేరుతున్నారు. చెట్టు కింద ఆరు గంపలు గోనెలు కప్పి ఉన్నాయి. దేవకమ్మ ఎదురొచ్చింది.

"పారేసేదానికి చేతులు రాలేదు తిరుమలయ్యా. నువ్వు నేర్పినట్టే పేపరు చుట్టి గడ్డిలో పెట్టినా. ముట్టి సూడు, ఇంకా ఎచ్చగానే ఉండాయి."

అతను గోనె తీసి చెయ్యి పెట్టాడు. వెచ్చగానే ఉంది. ఒకటి విప్పి వాసన చూశాడు. నిన్నటి కమ్మదనం అలాగే ఉంది.

"ఇవి పెట్టొద్దమ్మా."

"ఏం, కుళ్ళినాయా?"

"లేదు."

"మరి?"

జయచంద్ర దగ్గరికి వచ్చాడు. "ఇంకోసారి నిప్పుల్లో వేస్తే సరిపోతాదన్నా. జనం కూర్చునేసినారు."

"లోపలిదాకా కాక తగిలిందో లేదో మూడొందల గడ్డల్లో ఎవురు సూస్తారబ్బా?" అన్నాడు తిరుమలయ్య.

అవతల గంగాధరం గట్టిగా అన్నాడు: "ఏమప్పా, నన్ను ఇంటికి పంపించేదానికి మీకు రెండు దినాలు పట్టిందే!" అందరూ నవ్వారు.

దేవకమ్మ నవ్వలేదు. "చుట్టుపక్కల ఇండ్లల్లో ఇట్లే చేస్తా ఉండారు. ఎవురికేమైంది? నేను చుట్టినా కాబట్టే పనికిరావా?"

వాన నీళ్ళు తగిలాయనో, ఎలుకలు ముట్టాయనో అతను చెప్పవచ్చు. ఇవాళ్టికి గడిచిపోతుంది. వచ్చే విందుకు ఆమె మళ్ళీ చుట్టి పెడుతుంది. మునిలక్ష్మి ఉల్లిపాయలు తరుగుతూ కత్తిపీట దగ్గరనుంచి తలెత్తి చూస్తోంది.

"మా బావ దీంతోనే పోయినాడమ్మా" అన్నాడు తిరుమలయ్య.

మునిలక్ష్మి లేచి వచ్చింది.

"నరాల జబ్బన్నావే?"

"డాక్టరు నాకు చెప్పినాడు లచ్చిమీ. ఉడికిన గడ్డని గాలి తగలకుండా చుట్టి గోరెచ్చగా పెడితే లోపల విషం పుడతాదంట. వాసన రాదంట, రుచి మారదంట. ఆ గంప కట్టింది నేనే."

ఆమె అతని ముఖంలోకి చూసింది. తర్వాత గంపల్ని చూసింది. దేవకమ్మ చేతిలోని గోనె కింద పడేసి రెండు చేతులూ కొంగుకు తుడుచుకుంది. కాసేపటికి మళ్ళీ తుడుచుకుంది.

"కుక్కలు తినకుండా లోతుగా పూడ్చు జయా" అంది కొడుకుతో.

కొత్త గడ్డలు కాలడానికి గంటకు పైగా పట్టింది. కొందరు అన్నం, పప్పు తిని వెళ్ళిపోయారు. ఉన్నవాళ్ళకు తిరుమలయ్య వరుస వరుసకూ తీసి ఇచ్చాడు. మునిలక్ష్మి ఎప్పటిలాగే చీల్చి వెన్న వేసింది. ఆకులు ఎత్తి గిన్నెలు కడిగాక అడిగింది.

"ఇంకా ఎవురెవురికి నేర్పినావు?"

"శానా మందికి."

"పేర్లు చెప్పు."

చెప్పాడు. ఐరాలలో ముగ్గురు, పలమనేరులో అయిదు ఇండ్లు, పూతలపట్టులో ఒక హోటలు. గుర్తురానివి కొన్ని ఉన్నాయన్నాడు.

"గుర్తు తెచ్చుకో" అంది.

సోమవారం పొద్దున ఇద్దరూ ఐరాల బస్సెక్కారు. ఆమె వేరే సీట్లో కూర్చుంది. మొదటి ఇల్లు మునిరత్నానిది. ఆయన అరుగు మీద కూర్చుని ఉన్నాడు.

"ఏమప్పా తిరుమలయ్యా, పిలవకుండానే వంటకు వచ్చినావే!"

"వంటకు కాదన్నా. సిల్వర్ పేపరు చుట్టి గడ్డిలో పెట్టేది నేర్పినా కదా, అది మానెయ్యమని చెప్పేదానికి వచ్చినా. అప్పుడే కాల్చింది అప్పుడే తినాల."

"ఎందుకట్లా? బాగానే ఉండాయే!"

తిరుమలయ్య చెల్లెలి వైపు చూశాడు. ఆమె వాకిట్లోనే నిలబడి ఉంది.

"మొదట్నించీ చెప్పన్నా" అంది.

అతను అరుగు మీద కూర్చున్నాడు. పెళ్ళి ఎక్కడ జరిగిందో, ఎన్ని గంపలు కట్టాడో, ఏ గంప ఇంటికి వచ్చిందో చెప్పడం మొదలుపెట్టాడు.