కత్తి పడని అంచులు

నేను ఏడో తరగతితో బడి వదిలేశాను. బడి కూడా పెద్దగా బాధపడలేదు. అలాంటివాణ్ణి 1993 నాటికి భిలాయిలో, ఒక సెక్టార్ మార్కెట్లో, పుస్తకాలకు అట్టలు కట్టే కొట్టు నడుపుతున్నాను. చదువు అంటలేదు గానీ మైదా జిగురు బాగానే అంటింది.

ఒకరోజు మా తెలుగువాళ్ల లైబ్రరీ సెక్రటరీగారు, స్టీల్ ప్లాంటులో ఆఫీసరు, చిరిగిన పాత నవల ఒకటి తెచ్చారు. అంచులనిండా పెన్నుతో హిందీ రాతలు.

"ఐటీఐ చదివే ఆ సుజాత పని ఇది. ఈ రాతలన్నీ ట్రిమ్మింగ్‌లో పోవాలి," అన్నారు.

ట్రిమ్మింగ్ అంటే, కుట్టిన పుస్తకాన్ని కత్తిమిషన్‌లో పెట్టి మూడు వైపులా అంచులు కోయడం.

కుట్టేముందు పేజీల వరస చూసుకోవాలి. చూస్తూ చదివేశాను. కథలో ఇల్లాలు ఉద్యోగంలో చేరుతుంది. మొగుడు చెంప పగలగొడతాడు. ఆవిడ బుద్ధి తెచ్చుకుని, కొట్టిన చేతికే దణ్ణం పెట్టి రాజీనామా ఇస్తుంది. రచయిత మూడు పేజీలు మురిసిపోయాడు. పక్కన సుజాత రాసింది: "మరి కొట్టినవాడి ఉద్యోగం ఎవరు పీకాలి?" తెలుగు చదవగలదు గానీ, రాయడం హిందీలోనే వచ్చు. ఇక్కడ పుట్టిన పిల్లలు చాలామంది అంతే.

ఎన్నో ఏళ్లుగా ఆ నవల ఒక్కటే మాట్లాడుతోంది. ఇన్నాళ్లకు ఒకరు జవాబు చెప్పారు. ఆ జవాబును కోసే కత్తి నా దగ్గరుంది. కోయలేదు. మా ఆవిడ నరసమ్మ ఎప్పటిలాగే కుట్టింది. నేను అట్ట వేసి, లోపల నా పేరున్న చీటీ అంటించాను.

సెక్రటరీగారు తెరిచి చూశారు. "ఏమిటయ్యా ఇది? పని రాదా?"

"వచ్చు సార్. అందుకే కొయ్యనేదు."

"పుస్తకం పాడుచేసిన పిల్లను వెనకేసుకొస్తున్నావా?"

"పాడేటి సార్? చదివింది, అడిగింది. మీకాడ జవాబుంటే చెప్పండి. కింద ఇంకా జాగా ఉంది."

"ఇక లైబ్రరీ పుస్తకం ఒక్కటి కూడా నీ కొట్టుకు రాదు."

రాలేదు కూడా. ఆ నవల మాత్రం రాతలతోనే బీరువాకెక్కింది. అట్ట పడ్డాక అంచు కోయాలంటే మొత్తం విప్పాలి. ఆ ముసలి కాగితం రెండోసారి సూదికి ఆగదు. ఆ సంగతి నాకు తెలుసు, ఆయనకూ చెప్పాను. చదివినవాళ్లు అడిగిన ప్రశ్న కూడా పుస్తకంలో భాగమేనని ఆరోజు తేల్చుకున్నాను. ఎవరు చెప్పినా దాని మీద కత్తి పెట్టను.

వారం తర్వాత సుజాత ఆ నవల పట్టుకుని కొట్టుకొచ్చింది. నా ఘనకార్యం నేనే వర్ణించాను. ఆమె అట్ట తిప్పి చీటీ చూసింది. మూల కూర్చుని సూదికి దారం ఎక్కిస్తున్న నరసమ్మనీ చూసింది.

"థాంక్యూ మావయ్యా. లేకిన్, కుట్టింది అత్త కదా. చీటీ మీద నీ ఒక్కడి పేరే ఉందేటి?"