రుచి చూసి ఉమ్మేశాడు!

ఎనభైల మొదట్లో మావారు న్యూజెర్సీలో ఇంజనీరు ఉద్యోగం మానేశారు. ఇద్దరం కాలిఫోర్నియా వెళ్లి వైన్ తయారుచేసే ఒక చిన్న వైనరీ కొన్నాం. తొలి ఏడాది సరుకు అమ్ముడుపోకపోతే ఆయనకు మళ్లీ ఆ ఉద్యోగమే గతి. మా పుట్టింటివారికి తెనాలిలో కిరాణా కొట్టు ఉండేది కాబట్టి బేరాలన్నీ మావారు నాకే వదిలేశారు. నేనేమో వైన్ చుక్క కూడా ముట్టను.

మొదటి గిరాకీగా ఒక రెస్టారెంటు యజమాని వచ్చాడు. వైన్ వాసన చూసి, నోట్లో పోసుకుని పుక్కిలించి, పక్కనున్న బకెట్‌లో తుపుక్కున ఉమ్మేశాడు. నచ్చలేదనుకున్నాను. మా కొట్లో బెల్లం రుచి చూసి ఉమ్మేసిన మనిషి మళ్లీ గుమ్మం తొక్కేవాడు కాదు.

"ధర తగ్గిస్తాను సార్" అన్నాను కంగారుగా.

అతను వింతగా చూసి రెండో రకం రుచి చూశాడు. అదీ ఉమ్మేశాడు. ఇంకా తగ్గించాను. మూడోదీ ఉమ్మేసరికి, "సగానికే తీసుకోండి!" అన్నాను. వెంటనే సరుకంతా కొంటానని చెయ్యి కలిపి వెళ్లాడు.

సంగతి విని మావారు తల పట్టుకున్నారు. "వైన్ కొనేవాళ్లంతా అలాగే ఉమ్ముతారే! అన్నీ మింగితే కారు డ్రైవ్ చేసేదెలా?"

సరుకు కదిలింది, మళ్లీ ఆ ఉద్యోగంలో చేరే గండం తప్పింది. కానీ ఎదుటివాడు ధర తగ్గించమని ఒక్క మాటైనా అనకముందే నాతో నేనే బేరమాడి, నా చేతిలో నేనే ఓడిపోయాను.