మామ ఎక్కని కాటా

మా మేనమామ పోయాడని మొన్న మంగళవారం పొద్దున నందికొట్కూరు నుంచి అత్త ఫోన్ చేసింది. కర్నూలులో నేను నర్సుగా పనిచేసే ఆసుపత్రిలో అప్పుడే డ్యూటీ ఎక్కాను. ఏడుపు రాలేదు. కోపం వచ్చింది. అదింకా తగ్గలేదు, చదివేవాళ్లు కాస్త ఓర్చుకోవాలి.

మామది బెల్లం, శెనక్కాయల అంగడి. అందులో బస్తాలు తూచే పెద్ద కాటా ఉండేది. నేను పదో తరగతిలో ఉండగా ఒక సంత రోజున నన్ను దాని మీద నిలబెట్టాడు. రెండో పక్క ఇరవై కిలోల తూకపు రాళ్లు ఒక్కొక్కటే వేస్తూ, బస్తాకు అరిచినట్టే అరిచాడు. మా వ్యాపారస్తులు తూకంలో ఒకటి అనరు, లాభం అంటారు.

"లాభం! రెండు! మూడు! నాలుగు!"

నాలుగో రాయి పడ్డాక గాని నేను పైకి లేవలేదు. జనం నవ్వారు.

"ఏంటికప్పా నవ్వుతారు? నవ్వేదానికి తూచినానా?" అని వాళ్లనూ తిట్టాడు. నాతో, "పాపా, మీ అమ్మ నిన్ను బొద్దుగా ఉండావంటాది. బొద్దు గాదు, శానా లావుండావు. మీ అవ్వ ఇట్లనే లావై, షుగరొచ్చి పాయ. నేను చెప్పకుంటే ఎవురు చెప్తారు?" అన్నాడు.

చెప్పాలి, నిజమే. సంతలో చెప్పాలా? బడి వదిలేదాకా నన్ను 'నాలుగు రాళ్ల పాప' అన్నారు. ఆ పేరు తలుచుకుంటే ఈ రోజుకీ ఒళ్లు మండుతుంది.

మరుసటి రోజు తెల్లవారుతూనే మా వాకిట్లో నిలబడ్డాడు. "లెయ్ పాపా, నడుద్దాం." కాలువ గట్టు మీద నడక. ఆయన బొజ్జ నాకంటే పెద్దది. కాలువ మీది చిన్న వంతెన, మోరీ దాకా వచ్చేసరికి ఆయాసపడి, దాని గోడ మీద కూలబడేవాడు. "నువ్వు పో. నేను ఈడనే కూర్చోని చూస్తాంటా." రెండేళ్లు ఒక్క రోజూ మానలేదు. నేను ఇవాళ రోజంతా నిలబడి పనిచేస్తున్నానంటే ఆ నడక వల్లే. అది కాదనను.

ఆయన్ను మాత్రం ఎవరూ ఏమీ అనలేదు. అంగడికొచ్చినవాళ్లు "శెట్టిగారు కళగా ఉండారు" అనేవాళ్లు. ఊళ్లో డాక్టరు "కొంచెం ఒళ్లు చేశారు, చూసుకోండి" అన్నాడట. "కొంచెమే గదా!" అంటూ మామ బెల్లం ముక్క నోట్లో వేసుకున్నాడు.

మూడేళ్ల కిందట షుగరు వల్ల మానని కాలి పుండుతో మా ఆసుపత్రికే వచ్చాడు. రోగుల బరువు చూసేది నేనే.

"మామా, మిషన్ ఎక్కుతావా?"

"అంగడి యజమాని కాటా ఎక్కగూడదు పాపా. యాపారం దిగిపోతాది."

నవ్వాడు. నేనూ నవ్వి, కాగితంలో బరువు రాసే గడి ఖాళీగా వదిలేశాను. గౌరవం అనుకున్నాను. గౌరవమూ కాదు, పాడూ కాదు. ఆయనలా నేను నోరు పారేసుకోను, నేను మర్యాదస్తురాలిని అనే పొగరు. "మామా, శానా లావుండావు, ఇట్లైతే సచ్చిపోతావు" అని చెప్పడానికి సంత అక్కర్లేదు. తలుపు వేసిన గది చాలు. ఆ రోజు ఆ గదిలో ఇద్దరమే ఉన్నాం.

పోయిన నెల చూడబోయాను. అప్పటికే కాలు తీసేశారు. మంచం మీద నుంచే అన్నాడు:

"నేను నిన్ను అందరి ముందర అంటి. తప్పే. నువ్వు నన్ను ఒంటిగానన్నా అనుండొచ్చు గదమ్మా?"

దుప్పటి సర్ది వచ్చేశాను.

చావింట్లో అందరూ ఆయన్ను యథార్థవాది అని పొగిడారు. 'కళగా ఉండారు' అన్న నోళ్లే అవి. వినలేక లేచి కాలువ గట్టుకు నడిచాను. మోరీ గోడ మీద ఆయన కూర్చునే చోటు నున్నగా అరిగి ఉంది. రెండేళ్లు రోజూ ఆ గోడ దాటి నడిచాను. ఒక్కనాడైనా ఆగి, చెయ్యి పట్టుకుని, "లెయ్ మామా, నడుద్దాం" అనలేదు.