అభ్యంతరం గారి తొట్టె

ఊళ్ళో లిఫ్టులన్నీ తనిఖీ చేసే ఉద్యోగి ఒకాయన ఉన్నాడు. పుట్టినప్పుడు పెట్టిన పేరు జీతం చీటీ మీద తప్ప ఇంకెక్కడా కనబడదు. ఆఫీసులోనూ, వీధిలోనూ, చివరికి అత్తవారింట్లోనూ ఆయన్ని అభ్యంతరం గారనే అంటారు. ఏ లిఫ్టుకి వెళ్ళినా కాగితం మీద రాసే మొదటి మాట అదే మరి.

ఇరవై రెండేళ్ళ సర్వీసులో ఆయన సంతకం పెట్టిన లిఫ్టు ఒక్కటీ మొరాయించలేదు. అందులో సగం గొప్పతనం ఆయనది. మిగతా సగం, ఆయన సంతకం కోసం ఎదురుచూసి విసిగిపోయి మెట్లెక్కడం అలవాటు చేసుకున్న జనానిది. ఎనిమిది మంది పట్టే లిఫ్టులో పదిమంది బరువుకి సరిపడా ఇనుప దిమ్మలు పేర్పిస్తాడు. తీగలు చూస్తాడు, బ్రేకు చూస్తాడు. ఆపైన దిమ్మలు దింపించి, తానొక్కడే ఎక్కి పైదాకా వెళ్ళి దిగివస్తాడు. తాను ఎక్కనిదాని మీద సంతకం పెట్టడం ఆయన ఇంటావంటా లేదు.

అలాంటి మనిషికి పెళ్ళయిన పదకొండేళ్ళకి కూతురు పుట్టింది. ఆపరేషన్ చేసి తీశారు. తల్లి కొన్నాళ్ళు వంగకూడదని, మాటిమాటికీ లేవకూడదని డాక్టరమ్మ గట్టిగా చెప్పింది. అందుకని మంచానికి ఆనించి కట్టే తొట్టె కావాలి. మూడు వైపులా వల ఉంటుంది, నాలుగో వైపు తెరిచి ఉంటుంది, అడుగు మంచంతో సమానమైన ఎత్తులో ఉంటుంది. తల్లి పడుకున్నచోటు నుంచే చెయ్యి చాపి బిడ్డని దగ్గరికి తీసుకోవచ్చు.

నిజానికి ఆ తొట్టె కొనమని భార్య ఐదో నెల నుంచే పోరుతోంది. ఈయన పద్నాలుగు తొట్టెలు చూశాడు, పద్నాలుగింటికీ అభ్యంతరం రాశాడు. ఒకదానికి మరలు పైకి కనిపిస్తున్నాయి. ఇంకోదానికి మరలు ఎక్కడున్నాయో కనిపించడమే లేదు. ఒకదాని చక్రాలు మరీ సులువుగా తిరుగుతున్నాయి. ఒకటి అన్ని విధాలా బాగుంది, దాంతో ఆయనకి అనుమానం వచ్చింది.

ఆస్పత్రి మంచం మీద భార్యకి ఓపిక నశించింది.

"సాయంత్రం నాలుగింటికి నన్ను ఇంటికి పంపేస్తున్నారు. అప్పటికి మీరు తొట్టె కొంటే మనింటికి వస్తాను. లేదంటే అక్క కారు తెస్తోంది. వాళ్ళింట్లో తొట్టె ఉంది, మూడు నెలలు అక్కడే ఉంటాను. మీరు ఆదివారం ఆదివారం వచ్చి పాపని చూసి, అభ్యంతరాలుంటే రాసిచ్చి వెళ్ళండి."

పుట్టిన నాలుగు రోజుల్లో ఆయన కూతుర్ని ఒక్కసారి కూడా ఎత్తుకోలేదు. చేతులు వెనక్కి కట్టుకుని దూరం నుంచే చూసేవాడు. ఎవరైనా అందించబోతే గబగబా కళ్ళజోడు తుడుచుకోవడం మొదలుపెట్టేవాడు. చేతుల్లోంచి జారిపోతుందేమోనని ఆయనకి ప్రాణభయంలాంటి భయం. ఎవరికీ చెప్పలేదు గానీ, అత్తగారు ఎప్పుడో కనిపెట్టేసింది.

ఆ అత్తగారినే వెంటబెట్టుకుని మధ్యాహ్నం దుకాణానికి వెళ్ళాడు. అక్కడ కొత్తరకం తొట్టె ఒకే ఒక్కటి మిగిలి ఉంది. చూపించడానికి దాన్ని పెద్ద మంచానికి పట్టీలతో బిగించి ఉంచారు. ఆయన సంచీలోంచి ఇనుప దిమ్మలు తీసి అందులో పేర్చాడు.

"పాప బరువెంత అల్లుడుగారూ?" అంది అత్తగారు.

"మూడు కిలోలండీ."

"మరి ముప్ఫై కిలోలు పెట్టారేంటి?"

"పదింతలు మోయాలి అత్తయ్యగారూ. అది నియమం."

"పదిమందిని కని ఒకేసారి పడుకోబెడతామా?"

ఆయన దిమ్మలు తీసేసి, చెప్పులు విప్పి, తొట్టెలోకి ఎక్కాడు.

"సార్! సార్! అది పసిపిల్లలది!" అని దుకాణం అమ్మాయి పరుగెత్తుకొచ్చింది.

"తెలుసమ్మా. అందుకేగా ఇంత జాగ్రత్త," అన్నాడు, మోకాళ్ళు గడ్డానికి ఆనించుకుని సర్దుకుంటూ. "అత్తయ్యగారూ, మీరు తల్లి అనుకోండి. మంచం మీద పడుకుని నాకేసి చెయ్యి చాపండి."

"నాకిదేం ఖర్మ," అనుకుంటూనే ఆవిడ పడుకుంది. పొద్దున్నుంచీ ఆస్పత్రికీ ఇంటికీ తిరిగిన మనిషి, పరుపేమో మెత్తగా ఉంది. చెయ్యి సగం చాపి గురక పెట్టింది.

చుట్టూ జనం చేరారు. నిండు నెలల గర్భిణి ఒకామె, పక్కన ఆమె మొగుడు, ఆసక్తిగా ముందుకొచ్చారు.

"లోపల ఎలా ఉందండీ?" అని అడిగిందావిడ.

"గాలి బాగా ఆడుతోంది. ఊగడం లేదు. పక్కవాళ్ళ గురక మాత్రం వినిపిస్తోంది."

"విరగదు కదండీ?" అన్నాడు మొగుడు.

"నేను అరవై నాలుగు కిలోలు. కిర్రుమనలేదు కూడా."

అని కాగితం తీశాడు. అభ్యంతరం కోసం ఇరవై నిమిషాలు వెతికాడు. పట్టీలు లాగాడు, వల గిల్లాడు, అడుగున వేలితో కొట్టి చెవి పెట్టి విన్నాడు. ఒక్కటీ దొరకలేదు. ఇంతలో దుకాణం అమ్మాయి తిరిగొచ్చింది.

"సార్, కాస్త దిగుతారా? ఇది అమ్ముడుపోయింది."

"నేనింకా సంతకం పెట్టలేదే!"

"ఇందాకటి ఆ మొగుడూ పెళ్ళాలు పెట్టేశారు సార్, బిల్లు మీద. మీరు చెప్పిన మాట నమ్మే కొన్నామన్నారు."

"పోనీ ఇంకేదైనా ఇవ్వమ్మా. ఏదైనా సరే, నేను చూడను కూడా చూడను," అన్నాడు. జన్మలో మొదటిసారి అన్న మాట అది.

"మిగతావన్నీ మీరు పోయిన వారం వద్దన్నారని వెనక్కి పంపేశాం సార్."

కాళ్ళు తిమ్మిరెక్కి ఆయన లేవలేకపోయాడు. ఇద్దరు పనివాళ్ళు చెరో రెక్కా పట్టుకుని బయటికి లాగారు. అత్తగారిని లేపడానికి ముగ్గురు కావాల్సొచ్చింది. అప్పటికి మూడున్నర.

ఆస్పత్రి గుమ్మంలో వదినగారి కారు ఉండనే ఉంది. లోపల భార్య పాపని ఒళ్ళో పెట్టుకుని, బ్యాగు సర్దుకుని కూర్చుంది. ఆయన జరిగిందంతా దాచకుండా చెప్పాడు. మరిచిపోయినవి అత్తగారు అందించింది. భార్య నవ్వింది, కడుపు పట్టుకుని మళ్ళీ నవ్వింది.

"ఆపండి బాబూ, కుట్లు లాగుతున్నాయి."

ఆయన నవ్వలేదు. "తప్పు తొట్టెల్లో లేదు," అన్నాడు నేల చూస్తూ. "నా చేతుల మీదే నాకు నమ్మకం లేదు. పడేస్తానేమోనని భయం. ఎవరితో చెప్పుకోను?"

భార్య, "చేతులు చాపండి," అంది. చాపాడు. పాపని వాటిలో పెట్టేసింది.

పాప ఆవులించింది, ముక్కు ముడిచింది, మోచేతి వంపులో ఒదిగి నిద్రపోయింది. ఆయన కళ్ళనుంచి నీళ్ళు కారి చొక్కా మీద పడుతున్నాయి. తుడుచుకోవడానికి చెయ్యి ఖాళీ లేదు.

"బ్యాగు కార్లో పెట్టించనా?" అంది వదినగారు.

"పెట్టించక్కా. మా ఇంటికి పోనివ్వు."

"తొట్టె లేదుగా?"

"మంచానికి ఆనుకుని ఉండాలి, నేను చెయ్యి చాపితే పాప అందాలి. అంతేగా? ఈయన్ని పక్కన కుర్చీ వేసి కూర్చోబెడతాను."

మర్నాడు అత్తగారు అల్లుడి సెలవు చీటీ తీసుకెళ్ళి ఆఫీసులో ఇచ్చింది. కారణం అన్నచోట 'తొట్టె' అని రాసి ఉంది. పై అధికారి వెంటనే ఫోన్ చేశాడు.

"ఏంటయ్యా, తొట్టె కొనడానికి నెల రోజులు సెలవా?"

"కొనడానికి కాదు సార్, తొట్టె నేనే," అన్నాడు ఆయన గొంతు తగ్గించి. "కాస్త మెల్లగా మాట్లాడండి. పాప నా మీద పడుకుంది."