ఇప్పచెట్టు కింది రౌతు

నెల్లికుదురు బాటలో గుర్రప్పందాల మైదానం ఉంది కదా. దాని బోర్డు మీద గుర్తు చూసే ఉంటారు: ఇప్పచెట్టు, దాని కింద దూకుతున్న గుర్రం, మీద ఒక రౌతు. ఆ రౌతు నేనే. అరవైతొమ్మిది తెలంగాణ ఉద్యమంలో కరపత్రాల మూట పట్టుకుని, నలభైమంది పోలీసుల నడుమ నుంచి గుర్రాన్ని దౌడు తీయించాను. నా మోకాలు తగిలి ఒకడి టోపీ ఎగిరిపోయింది.

ఇన్నేళ్లుగా ఇట్లాగే చెప్పుకుంటూ వచ్చాను. చెప్పిన ప్రతిసారీ లోపల ఒక రాయి బరువు పెరిగింది. ఇక మీ ముందు దించుతాను.

పోలీసులు నలుగురే. టోపీ సంగతి నేను కల్పించిందే. గుర్రం జట్కా తోలే యాకూబ్‌ది. రౌతు కూడా అతనే. లాఠీలు కనబడగానే నేను మూట అతని చేతిలో పెట్టి, అదే ఇప్పచెట్టెక్కి ఆకుల్లో నక్కాను. గుర్రమెక్కడంలో అతను కాస్త ఆలస్యం చేశాడు. లాఠీ మోకాలి మీద పడింది. అయినా మూట చేరాల్సిన చోటికి చేరింది. యాకూబ్ కాలు మాత్రం మళ్లీ సరిగా వంగలేదు.

పదేళ్లు దాటాక అక్కడే పందాల మైదానం పెట్టారు. ఆ చెట్టునూ, ఆనాటి గుర్రపు దౌడునూ గుర్తుగా ఎంచుకున్నారు. బొమ్మ గీసే పెయింటర్ "రౌతు ఎవరు?" అనడిగాడు. "నేనే" అన్నాను. పక్కనే యాకూబ్ గుర్రానికి మాలిష్ చేస్తున్నాడు. చెయ్యి ఆపలేదు, తల ఎత్తలేదు. ఎందుకు ఊరుకున్నాడు? మైదానంలో ఆ పని ఇప్పించింది నేనే, అందుకా? లేక నా మాటను పట్టించుకోదగ్గదే కాదనుకున్నాడా? ఎన్నడూ అడగలేదు. అడిగితే ఏమంటాడోనని భయం. నిరుడు పోయాడు.

మొన్న బోర్డుకు కొత్త రంగు వేస్తూ, బొమ్మ కింద నా పేరు రాస్తామన్నారు. వద్దన్నాను, యాకూబ్ పేరు రాయమన్నాను. అందరూ నవ్వారు, ముసలాడు మళ్లీ ఏదో కత అల్లుతున్నాడని. చివరికి యాకూబ్ భార్య రహీమాబీ దగ్గరికి పోయి, పైన మీకు చెప్పిందంతా చెప్పాను. రాయి కొంచెం కదిలినట్టే అనిపించింది.

ఆమె బియ్యంలో రాళ్లు ఏరుతూ అంతా విన్నది. చేట పక్కకు పెట్టింది.

"జర పూరా చెప్పు అన్నా. చెట్టు నువ్వెక్కినవా? కొమ్మ అందక ఎగురుతుంటే మా ఆయిన భుజం పెట్టిండు. నిన్ను ఎక్కించేదాంక ఆగిండు. గందుకే లేటయింది, గందుకే దెబ్బ పడ్డది. ఎక్కేటప్పుడు నువ్వు చెప్పులు గూడ ఇడువలే."